ఎత్తు పెంచిన టకోమాకు 33 అంగుళాల టైర్లు: సస్పెన్షన్ భాగాలు ఎంచుకోవడంలో నా అనుభవం

డెన్వర్ శివార్లలో ఉండే నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న పికప్ 2019 నాటి టయోటా టకోమా టీఆర్‌డీ ఆఫ్‌రోడ్, డబుల్ క్యాబ్. అది నా చేతికి వచ్చేసరికే దాని ఎత్తు పెంచి ఉంది. పాత యజమాని ముందు స్ట్రట్‌ల (స్ప్రింగూ షాకూ కలిసిన కాళ్ల) నెత్తిన స్పేసర్లు అనే దిమ్మలు, వెనుక ఇరుసుకూ కమాను పట్టీలకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టించి, టైర్లను మాత్రం కంపెనీ ఇచ్చిన కొలతలోనే ఉంచేశాడు. దానికి ఇక్కడివాళ్లు 33 అని పిలిచే 285/70ఆర్17 (వెడల్పు మిల్లీమీటర్లలో, అందులో పక్క గోడ ఎత్తు శాతం, రిమ్ము అంగుళాల్లో) టైర్లు వేయించాలన్నది నా కోరిక. ఎత్తు ఎలాగూ ఉంది కనుక టైర్లు కొని బిగించుకోవడమే తరువాయి అని తెలిసినవాళ్లందరూ చెప్పారు. కానీ టేపు పట్టుకుని బండి కింద దూరి చూస్తే, ఎత్తుకూ పెద్ద టైరు ఇమడడానికీ ఉన్న సంబంధం అందరూ అనుకునేదానికంటే చాలా తక్కువని తేలింది. ఆ తరువాత నేను ఎంచుకున్న భాగాలన్నీ ఆ లెక్క మీద ఆధారపడ్డవే.

కంపెనీ టైరు 265/70ఆర్16 వ్యాసం 777 మిల్లీమీటర్లు, అంటే సుమారు 30.6 అంగుళాలు. 285/70ఆర్17 వ్యాసం 831 మిల్లీమీటర్లు, అంటే 32.7 అంగుళాలు. వ్యాసంలో సగమే ఇరుసు కిందికి వస్తుంది కాబట్టి టైరు వల్ల డిఫరెన్షియల్ కింద నాకు అదనంగా దక్కే ఖాళీ 27 మిల్లీమీటర్లు మాత్రమే. అదే 27 మిల్లీమీటర్లు ముందుకూ వెనక్కూ కూడా పెరుగుతుంది, అసలు చిక్కంతా ఆ వెనకవైపు పెరుగుదలతోనే. ముందు చక్రానికి సరిగ్గా వెనుక, క్యాబిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ ఉంటుంది. స్టీరింగును పూర్తిగా తిప్పినప్పుడు టైరు అంచు వెళ్లి తగిలేది ఆ బ్రాకెట్‌కే. బండిని రెండంగుళాలు లేపినా, మూడంగుళాలు లేపినా, గుంతలో పడి చక్రం పైకి లేచిన క్షణంలో అది మళ్లీ ఆ బ్రాకెట్ ఎదుటికే వస్తుంది. లిఫ్ట్ అనేది బండి నిలబడి ఉన్నప్పుడు కనిపించే ఎత్తే తప్ప, సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు మిగిలే చోటు కాదు.

అందుకని ముందుగా తేల్చుకోవలసింది స్ప్రింగులు కాదు, రిమ్ముల ఆఫ్‌సెట్. అంటే రిమ్మును బిగించే ముఖం దాని వెడల్పు మధ్యగీత నుంచి ఎంత బయటికి ఉందన్న కొలత, అది తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. నా బండికి కంపెనీ ఇచ్చిన 16 అంగుళాల రిమ్ముల ఆఫ్‌సెట్ +25 మిల్లీమీటర్లు. బయటికి పొడుచుకు వచ్చే చక్రాలంటే ఇక్కడి కుర్రకారుకు మోజు ఎక్కువ, వాళ్లు సున్నా కంటే తక్కువ, మైనస్ 12 వంటి ఆఫ్‌సెట్‌లకు వెళ్తారు. చక్రం ఎంత బయటికి జరిగితే స్టీరింగు తిప్పినప్పుడు అది గీసే వలయం అంత పెద్దదై, ముందు బంపర్ మూలనూ వెనుక క్యాబిన్ బ్రాకెట్‌నూ అంత గట్టిగా ఒరుసుకుంటుంది. అలాగని +25నే అట్టిపెట్టుకుంటే లోపలివైపు టైరు, చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే పై ఆర్మ్‌కు మరీ దగ్గరవుతుంది. నేను చివరికి అదే కంపెనీ ఫోర్‌రన్నర్ టీఆర్‌డీ ప్రోకు వచ్చే, 17 అంగుళాల వ్యాసం, ఏడున్నర అంగుళాల వెడల్పు, +4 ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ములు తీసుకున్నాను. ఆరు బోల్టుల అమరిక రెండింటికీ ఒకటే. 285 టైరుకు ఏడున్నర అంగుళాల రిమ్ము అనుమతించిన వెడల్పుల్లో కనిష్ఠం కనుక దానికీ ఇబ్బంది లేదు. కాగితం మీద లెక్క వేస్తే లోపలివైపు 11 మిల్లీమీటర్ల ఖాళీ పెరిగింది, బయటివైపు టైరు 31 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. 255/80ఆర్17 అనే సన్నటి టైరును కూడా చాలాకాలం పరిశీలనలో ఉంచుకున్నాను. వ్యాసం 33 అంగుళాలకు కాస్త ఎక్కువే అయినా వెడల్పు తక్కువ కావడం వల్ల అది చాలా చోట్ల తప్పించుకుపోతుంది, నన్నడిగితే తెలివైన ఎంపిక అదే. అయితే ఆ కొలతలో దొరికే రకాలు బహు తక్కువ, ప్రయాణం మధ్యలో ఒకటి పాడైతే చిన్న ఊళ్లలో దొరకదన్న భయంతో వదిలేశాను.

ఇక స్పేసర్ల సంగతి. స్ట్రట్ నెత్తిన దిమ్మ పెడితే స్ప్రింగు గుణం ఏమాత్రం మారదు, కానీ చక్రం కదిలే పరిధి మొత్తం కిందికి జరుగుతుంది. చక్రం గాలిలో వేలాడినప్పుడు కంపెనీ ఉద్దేశించిన దానికంటే కిందికి దిగుతుంది, దానివల్ల పై ఆర్మ్ చివరి గుండు కీలైన బాల్ జాయింటు, చక్రానికి శక్తిని అందించే సీవీ జాయింట్లు తమ హద్దు దాటి వంగుతాయి. నా బండిలో పై ఆర్మ్‌ల బాల్ జాయింట్లు అప్పటికే వదులయ్యాయి, ఒకవైపు సీవీ బూటు (రబ్బరు తొడుగు) మడతలు ఒకదానికొకటి రాసుకుని నున్నబడ్డాయి. మా ప్రాంతంలోని ఒక షాపువాళ్లు ఆ స్పేసర్లను అలాగే ఉంచి వాటి పైన మరో అరంగుళం పెంచుదామన్నారు. వాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేశాను.

ముందు వైపు కాయిలోవర్లను, అంటే కొత్త స్ట్రట్‌లను ఎంచుకునేటప్పుడు తెలిసినవాళ్లు మొదట అడిగే ప్రశ్న ముందు బరువెంత అని. ఇనుప బంపర్, ఇరుక్కున్న బండిని లాగే వించ్ పెడితే ఒక స్ప్రింగు, కంపెనీ బంపరే ఉంటే మరొకటి. బరువైన స్ప్రింగును తేలిక బండికి వేస్తే ఎత్తు వస్తుంది కానీ ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. నాకు వించ్ పెట్టే ఆలోచన లేదు, కింద రక్షణకు ఒక స్కిడ్ ప్లేట్ తప్ప అదనపు బరువు లేదు. ఓల్డ్ మ్యాన్ ఈము, బిల్‌స్టీన్ 5100, బిల్‌స్టీన్ 6112 అనే మూడింటి మధ్య ఊగిసలాడి 6112 తీసుకున్నాను. 5100లో పిస్టన్ 46 మిల్లీమీటర్లు, 6112లో 60. ఇక్కడి మట్టి రోడ్ల మీద మైళ్ల పొడవునా అలలు అలలుగా గట్టిపడిన నేల ఉంటుంది. అలాంటి చోట షాక్‌లు వేడెక్కి పట్టు తప్పుతాయి, పెద్ద గొట్టంలో నూనె ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ స్థితి ఆలస్యంగా వస్తుంది. స్ప్రింగు కూర్చునే పళ్లాన్ని ఏ గాడిలో పెడతామో దాన్ని బట్టి ఎత్తు మారుతుంది. ఈ బండి నిర్మాణంలో స్ప్రింగు దగ్గర పావు అంగుళం పెంచితే చక్రం దగ్గర సుమారు అరంగుళం పెరుగుతుంది కనుక ఆ గాళ్లతో ఆచితూచి వ్యవహరించాలి. డ్రైవరు వైపు కాస్త ఒరిగి ఉండడం టకోమాలకు పుట్టుకతో వచ్చిన లక్షణం, దాన్ని సరిచేయడానికి ఆ వైపు పావు అంగుళం బిళ్ల (షిమ్) ఒకటి వేయించాను. మొత్తం ఎత్తును రెండంగుళాలకు కాస్త పైన ఆపేశాను, పాత స్పేసర్ల ఎత్తు కంటే ఇది తక్కువే. తక్కువ ఎత్తులో ఎక్కువ టైరు పట్టించడమే నాకు కావలసింది. ఆ ఎత్తులో సీవీల కోణం సహించదగినంతలోనే ఉంటుంది కాబట్టి ముందు డిఫరెన్షియల్‌ను కిందికి దించే కిట్‌తో పని పడలేదు. అయినా ఖాళీ కోసం బండిని లేపి, మళ్లీ డిఫరెన్షియల్‌ను కిందికి దించడం నాకు ఎన్నడూ నచ్చని పద్ధతి.

నిజానికి ఈ పని మొత్తంలో టైరును పట్టించింది పై కంట్రోల్ ఆర్మ్‌లు. బండి ఎత్తు పెరిగాక, కింది ఆర్మ్‌ల మొదట్లో ఉండే సర్దుబాటు క్యామ్‌ల పరిధి అంతా క్యాంబర్‌ను (చక్రం పక్కకు వాలే కోణాన్ని) సరిచేయడానికే ఖర్చవుతుంది, క్యాస్టర్‌కు (స్టీరింగు అక్షం వెనక్కి వాలే కోణానికి) మిగలదు. క్యాస్టర్ తగ్గితే హైవే మీద స్టీరింగు నిలకడ తప్పుతుంది. విడిగా దొరికే ఆర్మ్‌లలో పై బాల్ జాయింటు కాస్త వెనక్కి, సరైన కోణంలో అమర్చి ఉంటుంది. దాంతో కింది క్యామ్‌లకు స్వేచ్ఛ దొరుకుతుంది, వాటితో కింది బాల్ జాయింటును, దానితోపాటు చక్రాన్నీ ముందుకు నెట్టవచ్చు. ముందుకు జరిగిన ప్రతి మిల్లీమీటరూ క్యాబిన్ బ్రాకెట్ నుంచి దూరమే. రెండు రకాల ఆర్మ్‌లు చూశాను. యూనిబాల్ (తొడుగు లేని లోహపు గుండు కీలు) ఉన్నవి ఎక్కువ కోణం వంగుతాయి గానీ, చలికాలంలో కొలరాడో రోడ్ల మీద చల్లే మెగ్నీషియం క్లోరైడ్ వాటిని తినేస్తుంది, కిర్రుమనే చప్పుడు తప్పదు. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి అది వద్దనుకుని, బాల్ జాయింటును జరుపుకునే వీలున్న ఎస్‌పీసీ ఆర్మ్‌లు తీసుకున్నాను. అలైన్‌మెంట్ చేసే అతనితో కొలతలన్నీ ఆకుపచ్చ గీతలోకి తెస్తే సరిపోదనీ, క్యాస్టర్ 3 నుంచి 4 డిగ్రీల మధ్య ఉండాలనీ, చక్రం వీలైనంత ముందుకు రావాలనీ ముందుగానే కాగితం మీద రాసి ఇచ్చాను. ఈ మాట చెప్పకపోతే క్యామ్‌లు ఎటు తిరిగినా కంప్యూటర్ తెర మీద అంతా బాగానే కనిపిస్తుంది.

వెనుక వైపు వ్యవహారం తేలిక. విజయవాడ ఆటోనగర్‌లో వాళ్ల నాన్నగారి కమాన్ల షెడ్డులో పెరిగిన మిత్రుడొకడు ఇక్కడే ఉంటాడు. నేను పాత కట్టలోకి ఒక పట్టీ అదనంగా ఎక్కిస్తే చాలదా అని అడిగితే, "అన్నా, ఒక్క పట్టీ గట్టిగా, మిగిలినవి మెత్తగా ఉంటే బరువంతా దాని నెత్తినే పడుతుంది. మార్చితే కట్ట మొత్తం మార్చు, లేదంటే ముట్టుకోకు" అన్నాడు. ఇనుప దిమ్మలను చూసి మొహం చిట్లించాడు. గట్టిగా యాక్సిలేటర్ తొక్కినప్పుడు ఇరుసు మెలిపడడానికి ఆ దిమ్మ మీటలా పనిచేస్తుంది. కట్టలు మొత్తం మార్పించి, కొత్త యూబోల్టులు వేయించి, పొడవు సరిపోయే బిల్‌స్టీన్ 5160 షాక్‌లు పెట్టించాను. వెనుక ఎత్తు పెరిగితే రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి బండి కదిలేటప్పుడు వణుకు పుడుతుంది, మధ్య బేరింగును కాస్త కిందికి దించే స్పేసర్లతో అది పోయింది.

అంతా బిగించే ముందు ఒక పరీక్ష చేయించాను, ఈ పని చేసే ఎవరికైనా ఇది తప్పనిసరి అంటాను. ముందు ఒక వైపు స్ట్రట్‌ను తీసేసి, టైరు బిగించి, కింది ఆర్మ్ కింద జాక్ పెట్టి చక్రం ఇక పైకి లేవకుండా ఆపే బంప్ స్టాప్ తగిలేదాకా నెమ్మదిగా లేపాము. ఒకరు స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతుంటే నేను టార్చి పట్టుకుని చూశాను. మడ్ ఫ్లాప్ మొదట తగిలింది, దాన్ని తీసేశాము. చక్రం గూటి ప్లాస్టిక్ లైనర్ తగిలిన చోట హీట్ గన్‌తో మెత్తబరచి వెనక్కి నొక్కాము. దాని వెనుక రేకు అతుకు కత్తి అంచులా ముందుకు పొడుచుకు ఉంది, సుత్తితో మడిచి రంగు వేశాము. అప్పటికీ టైరు భుజం క్యాబిన్ బ్రాకెట్ మూలకు చూపుడువేలు కూడా పట్టనంత దగ్గరగా వచ్చి, చివరి పావు మలుపులో గీసుకుపోతూ నల్లటి చార వదిలింది. ఆ మూలను కోయించక తప్పలేదు. అది బరువు మోసే పెట్టె కనుక కోసి వదిలేయకూడదు, తెరుచుకున్న ముఖానికి మందపాటి రేకు వెల్డింగ్ చేయించి, తుప్పు పట్టకుండా లోపలా బయటా రంగు కొట్టించాలి. మొదట వెళ్లిన వెల్డర్ రేకు లేకుండా ఊరికే కోసిస్తానన్నాడు, ఇంకొకరిని వెతుక్కున్నాను.

2018 నుంచి ఈ బండ్లకు ముందు గ్రిల్‌లో రాడార్, అద్దం మీద కెమెరా వస్తున్నాయి కాబట్టి ఎత్తు మారాక వాటిని సరిచూపించాను. విడి భాగాలు వేసిన కారణంగానే వారంటీ మొత్తాన్ని నిరాకరించే వీలు 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం కంపెనీకి లేదు, కానీ ఆ భాగమే చెడుకు కారణమని తేలితే ఖర్చు మనదే.

టైరు మార్పుతో స్పీడోమీటర్ దాదాపు 7 శాతం తక్కువ చూపుతుంది, అంటే ముల్లు 65 దగ్గర ఉన్నప్పుడు బండి 69 దాటి పోతుంటుంది. అదే నిష్పత్తిలో డిఫరెన్షియల్‌లోని 3.91 గేరు రేషియో 3.66 వేసినట్టుగా ప్రవర్తిస్తుంది. ఇక టైరు బరువు. ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ రేంజ్‌లో ‘E’ రకం ఒక్కొక్కటి 55 పౌండ్ల చుట్టూ ఉంటుంది కాబట్టి నేను ‘C’ రకం తీసుకుని కొంత తగ్గించుకున్నాను. శాన్ హువాన్ పర్వతాల్లో 12,800 అడుగుల ఇంజనీర్ పాస్ మీదికి బండి ఎక్కడా ఒరుసుకోకుండా ఎక్కింది. ఆ దారిలో కంపెనీ టైర్లతోనే ఎక్కినవాళ్లు కూడా కనిపించారని చెప్పడం న్యాయం. ఇబ్బందల్లా ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం వైపు ఎక్కేటప్పుడే. ఆరు గేర్ల ఆటోమేటిక్ ఏ గేరులో ఉండాలో తేల్చుకోలేక అటూ ఇటూ మారుతుంది. రెండు డిఫరెన్షియళ్లూ విప్పి 4.88 గేర్లు వేయిస్తే అది తీరుతుంది గానీ, ఆ ఖర్చును వచ్చే ఏడాదికి వాయిదా వేసి, ప్రస్తుతానికి ఆ ఎక్కుడులో లీవర్‌ను ఎస్‌లోకి జరిపి నాలుగో గేరులోనే పట్టి ఉంచుతున్నాను.