లైటు వెలగని స్లాటు

మంగళవారం. అర్ధరాత్రి దాటింది. గుంటూరు కొత్తపేటలో ఒక స్కానింగ్ సెంటర్ సర్వర్ గదిలో కూర్చుని రాస్తున్నాను. రీబిల్డ్, అంటే మార్చిన డిస్కులోకి డేటా తిరిగి కట్టడం, 9 శాతం అయింది. నిద్ర రావడం లేదు.

పొద్దున ఆరింటికి ఫోన్ తీస్తే మెయిల్ వచ్చి ఉంది. ఈ సర్వర్‌లో నేను పెట్టిన చిన్న స్క్రిప్టు పంపింది. స్లాట్ 3లోని డిస్కుకి మీడియా ఎర్రర్ కౌంట్, అంటే డిస్కు మీద తగిలిన తప్పుల లెక్క, 41. పోయిన మంగళవారం అదే అంకె 2. విజయవాడలో ఇంట్లోంచే లాగిన్ అయి చూశాను. ఎరే (డిస్కులన్నీ కలిసిన గుంపు) ఇంకా ఆప్టిమల్, అంటే అంతా బాగుంది, అనే చూపిస్తోంది. డిస్కు ఆన్‌లైన్‌లోనే ఉంది. కానీ వారంలో 2 నుంచి 41కి పోయిన డిస్కుని నేను నమ్మను.

ఇక్కడ ఎల్‌ఎస్‌బీఎల్‌కే (డిస్కుల జాబితా చూపే లినక్స్ కమాండ్) కొడితే ఒక్క డిస్కే కనిపిస్తుంది: ఎస్‌డీఏ, 18.2 టీ. మోడల్ అని చూపించేది డిస్కులన్నిటినీ ఒక్కటిగా కలిపి నడిపే రెయిడ్ కార్డు పేరు, ఎమ్‌ఆర్9361-8ఐ. దాని వెనక ఆరు 4 టీబీ సాటా డిస్కులు రెయిడ్ 5లో, అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా, ఉన్నాయి. లినక్స్ కళ్లకు అవి ఆనవు. డిస్కు ఆరోగ్యం అడగాలంటే కార్డు దాటి వెళ్లాలి. స్మార్ట్‌సీటీఎల్‌ అనే కమాండ్‌కి మైనస్ డి ఇచ్చి, 'శాట్ ప్లస్ మెగారెయిడ్ కామా' అని రాసి, పక్కన ఒక అంకె వేయాలి.

ఆ అంకె స్లాట్ నంబరు కాదు. ఈ ఒక్క మాట నాకు మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! స్టోర్‌సీఎల్‌ఐ (కార్డుతో మాట్లాడే కమాండ్) ఇచ్చే పట్టికలో ఎన్‌క్లోజర్, స్లాట్ పక్కనే డీఐడీ (కార్డు డిస్కుకి ఇచ్చే సొంత అంకె) అని ఇంకో నిలువు వరుస ఉంటుంది. కావలసింది అది. ఇక్కడ 252:3కి, అంటే ఎన్‌క్లోజర్ 252లో స్లాట్ 3కి, డీఐడీ 11. పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు స్లాట్ నంబరే వేసి, వేరే డిస్కు రిపోర్టు చదివి, 'బాగానే ఉంది' అని రాసి పంపేశాను. అది గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

11 వేసి అడిగాను. రీఎలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోతే వేరే చోటికి మార్చినవి) 312, పెండింగ్ (సరిగా చదవలేక ఇంకా తేలనివి) 48, నడిచిన గంటలు 41 వేలు. నాలుగున్నరేళ్లకు పైగా రాత్రింబవళ్లు తిరిగిన డిస్కు. ఆరు డిస్కుల సీరియల్ నంబర్లూ స్లాట్ల వారీగా కాగితం మీద రాసుకున్నాను. దీని చివరి అంకెలు 806. ఇంట్లో ఉన్న కొత్త 4 టీబీ డిస్కు బ్యాగులో వేసుకుని సాయంత్రం రైలెక్కాను.

డాక్టర్ గారు ఓపీ ముగించుకుని వస్తూ అడిగారు. "బాబూ, పాత స్కాన్లు పోవు కదా?" ఆ ప్రశ్నకు 'పోవండీ' అని చటుక్కున అనలేకపోయాను. మూడేళ్ల కిందట తీసిన స్కాన్ పక్కన ఈరోజుది పెట్టి చూసుకునే రోగులు ఉంటారు. "ముందు బ్యాకప్ సరిచూసి, తర్వాతే చెయ్యి పెడతానండీ" అన్నాను. పక్క గదిలో నాస్ బాక్సులో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టెలో) ఆదివారం దాకా కాపీ ఉంది. మిగతా రెండు రోజులది ఎక్కించడానికి ఎనిమిదిన్నర అయింది.

ఆ తర్వాత, ఆ డిస్కు ట్రే లైటు మినుకుమనేలా చేసే లొకేట్ కమాండ్ ఇచ్చాను. స్టోర్‌సీఎల్‌ఐ, సీ0, ఈ252, ఎస్3, స్టార్ట్ లొకేట్. సక్సెస్ అంది. సెంటర్‌లో పనిచేసే కుర్రాడు సర్వర్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏది మినుకుమినుకుమంటోంది?"

"ఏదీ లేదన్నా."

వంగి చూశాను. ఆరు ట్రేలకీ పచ్చ లైట్లు మామూలుగా ఆడుతున్నాయి. ఎర్ర లైటు ఒక్కటీ లేదు. కార్డు నుంచి బ్యాక్‌ప్లేన్‌కి (ట్రేలు వెనక తగిలే బోర్డుకి) ఆ సంకేతం మోసే సన్న తీగ ఒకటి ఉంటుంది, సైడ్‌బ్యాండ్ అంటాం. అది పెట్టకపోయినా డిస్కులు హాయిగా పనిచేస్తాయి. లైటు మాత్రం వెలగదు. కమాండ్ సక్సెస్ అన్నంత మాత్రాన దీపం వెలిగినట్టు కాదు.

ట్రేల మీద 1 నుంచి 6 దాకా స్టిక్కర్లు ఉన్నాయి. కార్డు సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి స్లాట్ 3 అంటే నాలుగోది. "నాలుగోదే కదన్నా, లాగేద్దామా?" అన్నాడు కుర్రాడు. లెక్క ప్రకారం వాడన్నది తప్పు కాదు. కానీ రెయిడ్ 5లో ఒక్క డిస్కు పోతేనే తట్టుకోగలం. పొరపాటున మంచిది లాగితే, దాన్ని తిరిగి కట్టడానికి మిగిలిన అయిదూ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఆ అయిదింట్లో 48 సెక్టార్లు సరిగా చదవలేని ఈ 806 కూడా ఉంటుంది. అక్కడే పోతాయి స్కాన్లు. లాగొద్దన్నాను.

తొమ్మిదిన్నరకి చివరి పేషెంట్ వెళ్లాక డాక్టర్ గారి అనుమతి తీసుకుని సర్వర్ ఆపేశాను. ఫ్యాన్ల హోరు ఆగేసరికి గది ఒక్కసారిగా మూగబోయింది. ఒక్కో ట్రే బయటికి తీయడం, ఫోన్ టార్చి వేసి సీరియల్ చదవడం, కుర్రాడు రాసుకోవడం, ట్రే మళ్లీ అక్కడే పెట్టడం. నాలుగో ట్రేలో ఉన్నది 806 కాదు. కాగితంతో పోల్చితే అది కార్డు లెక్కలో స్లాట్ 0. చేతిలో బరువుగా, చల్లబడుతూ ఉన్న ఆ మంచి డిస్కుని కాసేపు అలాగే పట్టుకుని ఉండిపోయాను.

806 ఒకటో ట్రేలో ఉంది. మూత తీసి చూస్తే తెలిసింది. నాలుగు చీలికల కేబుల్‌ని ఎవరో తిరగేసి తగిలించారు. మొదటి నాలుగు ట్రేలూ తలకిందుల వరస, చివరి రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఎవరు చేశారో తెలియదు. రోజూ పనిచేసే సర్వర్‌లో ఆ తప్పు కంటికి కనబడదు కూడా.

కేబుల్ మార్చలేదు. ఈ రాత్రికి ఒక మార్పు చాలు అనిపించింది. తెల్ల టేపు ముక్కల మీద స్లాట్ నంబరూ సీరియల్ చివరి మూడంకెలూ రాసి ఆరు ట్రేలకీ అంటించాను. పాత స్టిక్కర్లు గోటితో గీకి తీసేశాను. సర్వర్ ఆన్ చేసి, ఆప్టిమల్ అని చూసుకుని, స్లాట్ 3ని ఆఫ్‌లైన్ చేసి, మిస్సింగ్ అని గుర్తు పెట్టి, స్పిన్‌డౌన్ ఇచ్చి తిరగడం ఆపాను. అప్పుడు కార్డు బజర్ మొదలైంది. వాచ్‌మన్ పెద్దాయన పరుగెత్తుకొచ్చారు, "ఏమైంది బాబూ, మంటలా?" అంటూ. ఏం కాలేదని చెప్పి బజర్ ఆపాను.

ట్రే లాగే ముందు టేపు మీద రాసింది మరోసారి చదివాను. కుర్రాణ్ణీ పైకి చదవమన్నాను. "ఎనిమిది సున్నా ఆరు" అన్నాడు. లాగాను. కొత్తది తోశాను. పట్టికలో ఆ వరుస పక్కన రీబిల్డ్ అని పడ్డాకే ఊపిరి పీల్చుకున్నాను.

ఇదే పనికి డెల్ కార్డులకైతే స్టోర్‌సీఎల్‌ఐ బదులు పెర్క్‌సీఎల్‌ఐ, అవే కమాండ్లు. హెచ్‌పీ స్మార్ట్ అరే కార్డులకి ఎస్‌ఎస్‌ఏసీఎల్‌ఐ, స్మార్ట్‌సీటీఎల్‌లో మెగారెయిడ్ బదులు సీసీఐఎస్‌ఎస్. వాటి పట్టికలు కూడా సీరియల్ నంబర్లతో సహా ప్రింటు తీసి ప్రతి క్లయింటు దగ్గరా సర్వర్ పక్కన అంటించాలి. ఈ వారంలోనే. తెనాలి వాళ్లది ముందు.

కుర్రాడు ఇంటికి వెళ్తూ కిందనుంచి ఫ్లాస్కులో టీ పంపాడు. 11 శాతం.