మావాడి మొదటి యూనిఫారం, రెండంగుళాల మడత

ఏప్రిల్ నెలాఖరులో స్కూలువాళ్లు చేతిలో పెట్టిన కాగితంలో ఫీజు గురించి నాలుగు లైన్లుంటే యూనిఫారం గురించి పేజీ నిండా ఉంది. సోమ, మంగళ, గురు, శుక్రవారాలు గళ్ల చొక్కా, నేవీ బ్లూ నిక్కరు. బుధవారం హౌస్ టీషర్టు. శనివారం తెల్ల చొక్కా, తెల్ల నిక్కరు, తెల్ల కాన్వాస్ బూట్లు. టై, బెల్టు, సాక్సులు, నల్ల బూట్లు. యూకేజీ దాకా మావాడు రంగు రంగుల టీషర్టుల్లో వెళ్లొచ్చాడు. ఒకటో తరగతి అనేసరికి చిన్న సైజు ఆఫీసరైపోయాడు.

అన్నీ స్కూలు వెనక గదిలో పెట్టిన కౌంటర్లోనే కొనాలని నోటిమాటగా చెప్పారు. కాగితం మీద మాత్రం ఆ మాట రాయలేదు. మా ఆడపడుచు వేరే ఊళ్లో సీబీఎస్ఈ స్కూల్లో టీచరు. ఫోన్లో ఈ సంగతి చెబితే, "2017లోనే బోర్డు మా స్కూళ్లన్నిటికీ చెప్పింది వదినా, ఆవరణలో యూనిఫారాలు, పుస్తకాలు అమ్మొద్దని, ఫలానా షాపులోనే కొనమని బలవంతం చేయొద్దని" అంది. మాది స్టేట్ సిలబస్. అయినా ఆ మాట నాలో కొంచెం ధైర్యం నింపింది. అది ఎంతసేపు నిలిచిందో చెబుతాను.

మే మూడో వారంలో ఒక శనివారం పొద్దున్నే కౌంటరుకి వెళ్లాం. విశాఖలో మే నెల అంటే తెలిసిందే, ఎండకన్నా ఉక్కపోత ఎక్కువ. ఆ గదిలో ఒకటే ఫ్యాను, నలభై మంది తల్లిదండ్రులు, అందరి చేతుల్లో టోకెన్లు. మాది ముప్ఫై ఏడు. మావాడు కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కాసేపు నేలమీద కూర్చున్నాడు, ఆఖరికి నా చున్నీ కింద దూరి పడుకున్నాడు. మా వంతు వచ్చేసరికి చెమటతో బనియను ఒంటికి అతుక్కుపోయింది. దాని మీద నుంచే కొత్త చొక్కా తొడిగారు.

"26 వేసుకోండి మేడం, 24 మూణ్ణెల్లలో పొట్టైపోతుంది" అన్నాడు కౌంటరు కుర్రాడు. వేసి చూస్తే భుజం కుట్టు మోచేతికి సగం దూరంలో ఉంది. 24 అయితే సరిగ్గా సరిపోయింది. ఎంత సరిగ్గా అంటే, చెయ్యి పైకెత్తితే బొడ్డు కనిపించేటంత. నిక్కరు నంబర్లు వేరే. 12, 13, 14 అంటే పొడవు, అంగుళాల్లో. నడుముకి లెక్కలేదు, వెనక ఎలాస్టిక్ ఉంది కాబట్టి సర్దుకుంటుందట. మా అత్తయ్య పక్కనుంచి, "పెరిగే పిల్లాడికి ఒక సైజు పెద్దదే తియ్యాలమ్మా" అంది. పక్కనే టోకెను పట్టుకుని ఉన్న ఒకావిడ, "మరీ పెద్దది కొనకండి, మా పాపకి నిరుడు కొన్నది ఇంకా పెద్దదిగానే ఉంది, అప్పుడే రంగు వెలిసిపోయింది" అంది. ఇద్దరి మాటలూ నిజమే. నా బుర్ర పనిచేయడం మానేసింది.

గళ్ల చొక్కా, నిక్కరు జత 1,150 రూపాయలు. మూడు జతలు తీసుకోమన్నారు. సైజు మార్పు ఉండదు, వాపసు అసలే లేదు. నేను ఒక్క జతే తీసుకున్నాను, 26 చొక్కా, 13 నిక్కరు. దాంతోపాటు టై, బెల్టు, హౌస్ టీషర్టు. కుర్రాడి మొహం చిన్నబోయింది. నాకేమో ఏదో గెలిచినట్టు అనిపించింది. ఆ గెలుపు ఎందుకు పనికిరాలేదో ఇంటికొచ్చి చొక్కా తిరగేసి చూశాక అర్థమైంది. కింద మడత పావు అంగుళం కూడా లేదు, పక్క కుట్ల దగ్గర వదులుకోవడానికి గుడ్డే లేదు. రెడీమేడ్ చొక్కా పిల్లాడితోపాటు పెరగదు.

మిగిలిన రెండు జతలకి బట్ట కొని కుట్టిద్దామనుకున్నాను. మా ఆయనది షిఫ్టు డ్యూటీ. బి షిఫ్టు వారం కాబట్టి పొద్దున్న ఖాళీ. ఇద్దరం కంచరపాలెంలో షేర్ ఆటో ఎక్కి ఆర్టీసీ కాంప్లెక్స్, అక్కణ్ణుంచి జగదాంబ, ఆ తర్వాత పూర్ణా మార్కెట్ వైపు నడక. చేతిలో కౌంటర్లో కొన్న చొక్కా, గళ్లు కలవాలి కదా. మొదటి షాపులో గళ్లు కలిశాయి, నీలం కొంచెం ముదురుగా ఉంది. రెండో షాపులో నీలం కలిసింది, కానీ మధ్యలో సన్నటి ఎర్ర గీత లేదు. "దూరానికి కనిపించదు మేడం" అన్నారు. నిజమే, దూరానికి కనిపించదు. కానీ మావాడు దూరంగా కూర్చోడు, మొదటి బెంచీలో కూర్చుంటాడు.

మూడో షాపులో ఒక పెద్దాయన చొక్కా చేతిలోకి తీసుకుని, తిప్పి, కాలరు వెనక బట్టని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, పై అరలోంచి ఒక తాను దింపాడు. బట్ట అంచు మీద 67 పాలిస్టర్, 33 కాటన్ అని అచ్చు వేసి ఉంది. ఎర్ర గీతతో సహా అదే గళ్లు. "ఇదే బట్ట పక్క స్కూలు వాళ్లదీనమ్మా, జేబు మీద బ్యాడ్జి మారుతుందంతే" అన్నాడు. మూడు వారాలుగా మా స్కూలు గొప్ప డిజైను అనుకుంటున్నది తానులో మీటరు 190 రూపాయలకి దొరుకుతోంది.

ఆయన దగ్గర ఇంకో సంగతి నేర్చుకున్నాను. బట్ట కొనేటప్పుడు మీటరు ధర కాదు, పన్నా, అంటే బట్ట వెడల్పు అడగాలి. 36 అంగుళాల పన్నా అయితే మావాడి సైజు చొక్కాకి మీటరుంబావు కావాలి. 58 అంగుళాల పన్నా అయితే ముప్పావు మీటరు సరిపోతుంది. గళ్లయితే ఇంకో జానెడు ఎక్కువ తీసుకోవాలి, ముందు పట్టీ దగ్గర, జేబు దగ్గర గళ్లు కలపడానికి. రెండు చొక్కాలకీ రెండు నిక్కర్లకీ కలిపి, కుట్టుకూలి కాకుండా, వెయ్యి లోపే తేలింది. తెల్ల జత కూడా అక్కడే తీసుకున్నాం. తెల్లది మాత్రం ఒక్కటే. దాన్ని వారానికోసారి వేసుకుంటాడు. ఎలాగూ సాయంత్రానికి అది తెలుపు కాదు.

టైలరు దగ్గరికి వెళ్తే షాపు గుమ్మం దాకా బట్టలే. అన్నీ ఒకే రంగు సంచులు, లోపల ఒకే రకం గుడ్డ. మా కింద పోర్షన్ అక్క కూతురు మున్సిపల్ స్కూల్లో చదువుతుంది. వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే కిట్లో మూడు జతల బట్ట, బూట్లు, సాక్సులు, బెల్టు, బ్యాగు వస్తాయి. బట్ట ఇస్తారు, కుట్టించుకోవడం మన పని. కిట్లు అందాక మా వీధిలో ఒక్క టైలరు కూడా తల ఎత్తడు. ఇవి నిరుడు ఇచ్చినవాటిలో కుట్టించకుండా దాచుకున్న జతలట, స్కూళ్లు తెరిచేలోపు అందరికీ గుర్తొచ్చాయి.

"జూన్ 12కి కావాలి మాస్టారూ."

"అందరికీ అదే రోజు గదమ్మా స్కూలు" అని నవ్వి, టేపు తీశాడు. కొలతలు తీసుకునేటప్పుడు మావాణ్ణి ఊపిరి బిగించొద్దన్నాడు. వాడు పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాడు. ఆయన ఏమీ అనకుండా వాడి చంకలో చక్కిలిగిలి పెట్టి, నవ్వి వదిలేసిన పొట్టకి కొలత తీసుకున్నాడు. "గుంటడు పెరుగుతాడు గదా, నిక్కరుకి రెండంగుళాలు మడత ఉంచీస్తాను. చొక్కా పక్కలకి ముప్పావు అంగుళం వదిలీస్తాను. దసరా తర్వాత ఓసారి తీసుకొస్తే విప్పి కుట్టిచ్చీస్తాను." సైజు గోల ఆ రెండు మాటలతో తీరిపోయింది. ఇంటికెళ్లి బట్ట తడిపి ఆరేసి తెమ్మన్నాడు. కుట్టాక కుదించుకుపోతే తన తప్పు కాదట.

బూట్ల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. సాయంత్రం వెళ్లండి, పగలంతా తిరిగాక కాలు కాస్త ఉబ్బుతుంది. స్కూలు సాక్సు తొడిగే చూడండి. రెండు కాళ్లకీ వేసి షాపులో నడిపించండి. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉంటే చాలు, అంతకన్నా పెద్దది కొంటే మడమ జారి బొబ్బలు. మావాడికి 12 పట్టింది. వచ్చే ఏడాది 13 అన్నమాట అంటే షాపు కుర్రాడు, "13 తర్వాత 14 ఉండదు, మళ్లీ 1 నుంచి మొదలు" అన్నాడు. అది విని మావాడికి చాలా బెంగ పట్టుకుంది. 1 నంబరు బూట్లంటే మళ్లీ నర్సరీలో వేస్తారేమోనని.

జూన్ 9న టైలరు దగ్గర ఒక్క జత చేతికొచ్చింది. రెండోదానికి కాజాలు కొట్టించాలన్నాడు. 12న కౌంటరు జతే వేసి పంపాం. మెడ చుట్టూ టై, భుజాల నుంచి జారుతున్న చొక్కా, తల నిండా నూనె. ఫొటోల్లో బాగానే ఉన్నాడు. అత్తయ్య దిష్టి కూడా తీసింది.

మూడో రోజు, శనివారం పోయి సోమవారం అనుకోండి, మధ్యాహ్నం స్కూల్నుంచి ఫోను. గొంతులో కంగారు లేదు కానీ నాకు కాళ్లాడలేదు. "బాబుకి వేరే నిక్కరు తీసుకురండి" అన్నారు. వెళ్లేసరికి స్టాఫ్ రూం బయట బల్ల మీద, ఎవరిదో పెద్ద పిల్లాడి పీటీ నిక్కరు వేసుకుని కూర్చున్నాడు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో తడిసిన నిక్కరు. నన్ను చూసి ఏడవలేదు. "హుక్కు రాలేదమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ నిక్కరు చేత్తో పట్టుకుని చూశాను. పైన బెల్టు, దాని ఇనప బకిలు. కింద ఒక హుక్కు, పెద్దవాళ్ల ప్యాంటుకి ఉండేదే. దాని లోపల ఒక గుండీ. ఆ కింద జిప్. ఆరేళ్లవాడి మూత్రానికి నాలుగు తాళాలు. కొత్త హుక్కు బిగుతుగా ఉంది, నా వేళ్లకే రెండుసార్లకి గానీ ఊడలేదు. కౌంటర్లో పొడవు చూశాను, భుజం చూశాను, గళ్లు చూశాను, ధర గురించి నాలుగు రోజులు ఆలోచించాను. వాడు తనంతట తాను విప్పుకోగలడా లేదా అన్నది మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఇంట్లో ఎప్పుడూ నేనే తొడుగుతాను, నేనే విప్పుతాను. ఇక చూసేదెప్పుడు.

ఆ సాయంత్రమే నాలుగు నిక్కర్లూ పట్టుకుని మాస్టారు దగ్గరికి పరిగెత్తాను. ఆయన కుట్టినవాటికీ హుక్కులే ఉన్నాయి, అలాగే కుట్టాలి కదా అనుకున్నాడు. విషయం చెప్పేసరికి కుర్చీలో వెనక్కి వాలి, "ముందే ఎలాస్టిక్ వేయమంటే వేసీవాణ్ణి గదమ్మా" అన్నాడు. నడుం చుట్టూ ఎలాస్టిక్ వేసి, హుక్కూ గుండీ పీకేసి, ముందువైపు పైకి హుక్కులా కనిపించేలా ఒక ఉత్తుత్తి గుండీ కుట్టాడు. చొక్కా లోపలికి దోపితే తేడా తెలియదు. నాలుగింటికీ కలిపి 160 తీసుకున్నాడు. బెల్టు సంగతి టీచరమ్మతో మాట్లాడాను. బకిలు బదులు లాగితే వచ్చేసే పట్టీ బెల్టు పెట్టుకోవచ్చా అని అడిగితే ఆవిడ నవ్వి, "నల్లగా ఉంటే చాలండీ" అన్నారు. ఈ ఒక్క మాట ఆ కాగితంలో ఎందుకు రాయరో.

తర్వాత వారమంతా ఇంట్లో ప్రాక్టీసు. స్కూల్నుంచి రాగానే బట్టలు నేను విప్పను. టై ఎలాస్టిక్‌ది కాబట్టి తల మీద నుంచి తీసేస్తాడు. చొక్కా గుండీల్లో పైదొక్కటి ఇప్పటికీ రాదు, దాన్ని పళ్లతో లాగబోతాడు. బూట్లు లేసులవి కాకుండా అతికించే పట్టీవి కొన్నాం కాబట్టి బతికిపోయాం. సాక్సులు మాత్రం ఒకటి విప్పి, రెండోది వేసుకునే నిద్రపోతాడు.

ఇంకో చిన్న సంగతి. పేరు. అందరి చొక్కాలూ ఒక్కలాగే ఉంటాయి. మార్కర్ పెన్నుతో రాస్తే నాలుగు ఉతుకులకి పోయింది. మా అత్తయ్య ఎర్రదారంతో కాలరు లోపల రెండు అక్షరాలు కుట్టింది. టైకి, సాక్సులకి కూడా. అయినా జూలైలో ఒకరోజు ఇంకెవరి టైతోనో వచ్చాడు. దాని మీద కూడా ఎర్రదారంతో కుట్టిన అక్షరాలున్నాయి, వేరేవి. ఇంకో అత్తయ్య.

జతల లెక్కకి వస్తే, మాకు గళ్లవి మూడు జతలు సరిపోయాయి. రెండే కొందామనుకుంటే వర్షాకాలంలో కష్టం. సముద్రపు తేమకి డాబా మీద ఆరేసిన నిక్కరు రెండో రోజుకి కూడా నడుం దగ్గర చల్లగానే ఉంటుంది. ఎలాస్టిక్ దగ్గర బట్ట మందం కదా. ఆగస్టులో ఒకరోజు ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి పంపాను.

కౌంటరు జత డిసెంబరుకి మోచేతి దగ్గర పల్చబడింది, భుజం మాత్రం అప్పుడే సరిపోవడం మొదలైంది. కుట్టించిన నిక్కర్లు సంక్రాంతికి ముందు మోకాలి పైకి వెళ్లాయి. దసరా అన్న మాస్టారు జోస్యం మూడు నెలలు తప్పింది, మిగతాది నిజమైంది. తీసుకెళ్తే బ్లేడుతో దారం కోసి మడత విప్పాడు. లోపల దాగిన బట్ట కొన్ననాటి నేవీ బ్లూ రంగే. మిగతా నిక్కరు ఉతికి ఉతికి వెలిసిపోయింది. ఇస్త్రీ చేశాక కింద రెండు వేళ్ల వెడల్పున ముదురు పట్టీ, ఎవరో కావాలని కుట్టినట్టు.

మావాడు అద్దం ముందు నిలబడి వంగి చూసుకున్నాడు.

"అమ్మా, ఇది సెకండ్ క్లాస్ డిజైనా?"

అవునన్నాను.