మా అబ్బాయికి డిస్లెక్సియా టెస్టు చేయించడానికి స్కూలుతో పడ్డ పాట్లు

పోయిన వారం స్కూల్లో ఆర్డ్ మీటింగ్ అయిపోయింది. డిస్లెక్సియా అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. మా వాడికి స్పెషల్ ఎడ్యుకేషన్ కింద దానికోసం క్లాసు ఇస్తామని కాగితం మీద సంతకాలు పడ్డాయి. ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. నెల రోజులాగితే మర్యాదగా రాస్తానేమోనని భయం.

మేముండేది డాలస్ పక్కన సబర్బ్‌లో. వాడు సెకండ్ గ్రేడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ కింద పిల్లాడికి ఏమేం ఇవ్వాలో స్కూలువాళ్లూ తల్లిదండ్రులూ కూర్చుని తేల్చేదాన్ని వేరే రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అంటారు, టెక్సాస్‌లో ఆర్డ్ అంటారు. గడువులు కూడా రాష్ట్రానికో రకం. న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్లు నేను చెప్పే లెక్కలు పట్టుకుని ప్రిన్సిపాల్ మీదికి వెళ్లకండి.

మా వాడు మాటల పుట్ట. నానమ్మ దగ్గర నేర్చుకున్న శతక పద్యాలు గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. ఇంగ్లీషులో పక్కింటి పిల్లలతో వాదనేసుకుని గెలిచి వస్తాడు. కానీ పుస్తకం తెరిస్తే నిన్న చదివిన మాట ఇవాళ మళ్లీ కొత్తదే. ఆదివారం తెలుగు బడిలోనూ అంతే. గుణింతం నోటితో పాడేస్తాడు, వేలు పెట్టి చూపిస్తే ఏది 'కి', ఏది 'కు' అన్నది చెప్పలేడు.

కిండర్‌గార్టెన్‌లో చేర్చినప్పుడు ఇంట్లో మాట్లాడే భాష ఏమిటని ఒక ఫామ్ ఇస్తారు. ఉన్నది ఉన్నట్టు తెలుగు అని రాశాం. దాంతో వాడికి ఇంగ్లీషు టెస్టు పెట్టి, ఇంగ్లీష్ లెర్నర్ అని ముద్ర వేశారు. ఈ ఏర్పాటు వెనక ఉద్దేశం మంచిదే. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ పిల్లలకు అర్థం కాని భాషలో పాఠాలు చెప్పి వదిలేయడం అన్యాయమని 1974లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పుతో మొదలైన దారి ఇది. మా వాడి దగ్గరికొచ్చేసరికి ఆ ముద్రే అడ్డం తిరిగింది.

ఆగస్టు చివర్లో మీటింగ్ అడిగాను. అత్తయ్యను ఇంట్లో ఒక్కరినే వదల్లేక వెంట తీసుకెళ్లాను. క్లాస్ టీచర్, కౌన్సెలర్, అసిస్టెంట్ ప్రిన్సిపాల్ వచ్చారు. మమ్మల్ని పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టారు, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. నేను రోజంతా ఆఫీసులో క్లయింట్లతో ఇంగ్లీషులోనే పోట్లాడే మనిషిని. ఆ అసిస్టెంట్ ప్రిన్సిపాల్ మాత్రం చెవిటివాళ్లకు చెప్పినట్టు ఒక్కో మాటా సాగదీసి, గొంతు పెంచి, "మీ ఇంట్లో... పుస్తకాలు... ఉన్నాయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. అది చాలలేదు కాబోలు, నన్ను అడక్కుండానే ఫోన్ స్పీకర్‌లో పెట్టి దుబాసీని పిలిచాడు. అవతల నుంచి "వణక్కం" అని వినిపించింది. ఆ తమిళాయనకు ఇంగ్లీషులోనే క్షమాపణ చెప్పి ఫోన్ పెట్టించాను. గదిలో ఎవరూ నవ్వలేదు.

అప్పుడు సలహా వచ్చింది. ఇంట్లో తెలుగు తగ్గించాలట. వీలైతే ఒకటి రెండేళ్లు పూర్తిగా మానేయాలట. నానమ్మ వైపు చేయి చూపించి, "గ్రాండ్‌మా కూడా" అన్నాడు. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషికి ఆ ఇంగ్లీషు ముక్కలు అర్థం కావనుకున్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది గానీ గొంతు మాత్రం తొణకలేదు. "అమ్మాయ్, వీడికి రెండు భాషల్లోనూ మాట వచ్చు, రెండింట్లోనూ అక్షరమే ఎక్కట్లేదు. భాష సమస్యయితే తెలుగులోనన్నా చదవాలి కదా. అది అడుగు" అంది. అడిగాను. ఇంత సూటి ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. ముందు వెనకబడ్డ పిల్లలకు అదనంగా చెప్పే ఇంటర్వెన్షన్ క్లాసులో వేసి చూద్దాం, ఇంగ్లీషు కుదురుకున్నాక వసంతంలో అవసరమైతే టెస్టు సంగతి ఆలోచిద్దాం అన్నారు. లేస్తూ లేస్తూ అసిస్టెంట్ ప్రిన్సిపాల్ ఇంకో మాట వదిలాడు. ఈ ఏడాది ఫెడరల్ ఫండ్స్ ఏమవుతాయో తెలియట్లేదట.

ఇంటికొచ్చి అన్నం సహించలేదు. ఆ రాత్రి స్పెషల్ ఎడ్యుకేషన్‌కు ఆధారమైన ఫెడరల్ చట్టం, ఐడియా, తీసి కూర్చున్నాను. ఇంగ్లీషు సరిగా రాకపోవడమే అసలు కారణమైతే ఆ పిల్లాడిని వైకల్యం ఉన్నవాడిగా లెక్కకట్టకూడదని అందులో ఉంది, నిజమే. కానీ కారణం భాషా కాదా అని తేల్చడానికే కదా టెస్టు! వీలైనంతవరకు పిల్లాడి సొంత భాషలో కూడా పరీక్షించాలని అదే చట్టం చెప్తోంది. ఇంటర్వెన్షన్ నడుస్తోందన్న సాకుతో టెస్టును వాయిదా వేయకూడదని 2011లోనే ఫెడరల్ విద్యాశాఖ రాష్ట్రాలకు మెమో పంపింది.

ఇక ఫండ్స్ ముచ్చట. 2025 జూలైలో వాషింగ్టన్ దాదాపు 700 కోట్ల డాలర్ల స్కూలు నిధులు ఆపేసి, నెలాఖరులో వదిలింది. అందులో ఇంగ్లీష్ లెర్నర్ల టైటిల్ త్రీ డబ్బుంది, టీచర్ల ట్రైనింగ్ డబ్బుంది. స్పెషల్ ఎడ్యుకేషన్ డబ్బు లేనే లేదు! ఆపని డబ్బు పేరు చెప్పి నన్ను బెదరగొట్టాడన్నమాట. ఫెడరల్ డబ్బు చాలదన్నది మాత్రం నిజం. 1975లో ఈ చట్టం చేసినప్పుడు అదనపు ఖర్చు కింద, ఒక విద్యార్థిపై పెట్టే సగటు ఖర్చులో 40 శాతం దాకా భరిస్తామని కాంగ్రెస్ ఆశ పెట్టింది. యాభై ఏళ్లయినా ఇప్పుడిచ్చేది 15 శాతం లోపే. మిగతాది రాష్ట్రమూ, మా ఇంటి ప్రాపర్టీ టాక్సూ మోస్తున్నాయి. అది కాంగ్రెస్‌తో తేల్చుకోవాల్సిన పేచీ, ఏడేళ్ల పిల్లాడి మీద రుద్దేది కాదు. డబ్బు లేదు కాబట్టి టెస్టు చేయం అనే వెసులుబాటు చట్టంలో లేదు.

మర్నాడు పొద్దున్నే మెయిల్ కొట్టాను. టీచర్‌కు కాదు, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కు, ప్రిన్సిపాల్‌ను కాపీలో పెట్టి. డిస్లెక్సియా ఉందని అనుమానం, పూర్తి స్థాయి ఇవాల్యుయేషన్ కావాలి అని రెండే వాక్యాలు. టెక్సాస్‌లో ఇలా రాతపూర్వకంగా అడిగితే 15 స్కూలు రోజుల్లో చేస్తామనో చేయమనో కారణాలతో సహా రాసి ఇవ్వాలి. నోటితో అడిగితే ఈ గడువు వర్తించదు, అందుకే వాళ్లు మిమ్మల్ని నోటితోనే మాట్లాడిస్తుంటారు. "కంగారు పడకండి, కాల్ చేసి మాట్లాడుకుందాం" అని కౌన్సెలర్ ఎంత తియ్యగా అన్నా సరే, కాల్ అవగానే మాట్లాడుకున్నదంతా మెయిల్‌లో పెట్టేయండి. నేను అందులో ఘనాపాఠీని, ఆఫీసులో చేసేది అదే పని.

అదే మెయిల్‌లో వాడి రికార్డులన్నీ అడిగాను. కాగితాలు వచ్చాక చూస్తే కళ్లు తిరిగాయి. టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్‌లో, ఫస్ట్ గ్రేడ్‌లో పిల్లలందరికీ డిస్లెక్సియా స్క్రీనింగ్ చేయాలి. మా వాడికీ చేశారు. ఫస్ట్ గ్రేడ్ జనవరిలో చేసిన దాంట్లో రిస్క్ ఉందని తేలింది. ఆ కాగితం మీద పసుప్పచ్చ స్టిక్కీ నోట్ జిరాక్స్‌లో కూడా పడింది: "ఈఎల్. వెయిట్." ఇంగ్లీష్ లెర్నర్, ఆగండి అని. అంతే. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. నెలల తరబడి ఆ చీటీ ఫైల్లో, మా వాడు "నేను మొద్దునా అమ్మా" అనే ప్రశ్నతో ఇంట్లో.

ఈ వెయిట్ జబ్బుకు టెక్సాస్‌లో పాత చరిత్ర ఉంది. 2004లో రాష్ట్ర విద్యా సంస్థ స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం మించకుండా ఉండాలని డిస్ట్రిక్టులకు ఒక కొలబద్ద పెట్టింది. అప్పట్లో దేశ సగటు 13 శాతం దగ్గర. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది. 2017లో అసెంబ్లీ ఆ పరిమితిని నిషేధించింది, 2018లో ఫెడరల్ విద్యాశాఖ రాష్ట్రం చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. పరిమితి పోయింది గానీ ఆ అలవాటు పోయినట్టు లేదు.

మన వాట్సాప్ గ్రూపు మహానుభావులకు కూడా రెండు మాటలు. రికార్డులో ముద్ర పడితే పిల్లాడి కాలేజీ సీటు పోతుందని ఒకరు. ఆ రికార్డులు మన అనుమతి లేకుండా అలా బయటికిచ్చేవి కావు, 1974 నుంచీ దానికి చట్టముంది. హెచ్‌ఒన్ మీద ఉండి ఇవన్నీ అడగొచ్చా అని ఇంకొకరు. అసలు వీసా కాగితాలే లేని పిల్లలకు కూడా చదువు నిరాకరించకూడదని 1982లో సుప్రీంకోర్టు టెక్సాస్ కేసులోనే చెప్పింది, తెలుసుకోండి. ఫెడరల్ విద్యాశాఖనే మూసేస్తున్నారు, ఎందుకీ తంటా అని మూడో ఆయన. 2025 మార్చిలో అధ్యక్షుడు మూసివేతకు ఆర్డర్ మీద సంతకం పెట్టిన మాట నిజమే. ఐడియా మాత్రం కాంగ్రెస్ చేసిన చట్టం, ఆర్డర్‌తో పోదు. ఇంగ్లీష్ లెర్నర్ పేరుతో డబ్బు దండుకోవడానికే ముద్ర వేస్తున్నారని ఇంకో కథ. టైటిల్ త్రీ మొత్తం ఏడాదికి సుమారు 89 కోట్ల డాలర్లు, పిల్లలు 50 లక్షల పైన. తలకు రెండొందల డాలర్లు కూడా రాదు. దానికోసం ఎవడూ కుట్ర చేయడు, బద్ధకం చాలు.

ఇవాల్యుయేషన్ సాఫీగానే జరిగింది. టెస్టుకు ఒప్పుకుంటూ మనం సంతకం పెట్టిన రోజు నుంచి గడువు 45 స్కూలు రోజులు, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవులు లెక్కలోకి రావు. మధ్యలో పిల్లాడు మూడు రోజులో ఆపైనో మానేస్తే అన్ని రోజులు గడువు పెరుగుతుంది, డిసెంబర్‌లో ఊరికి టికెట్లు తీసుకున్నవాళ్లు చూసుకోండి. పరీక్ష చేసినావిడ బంగారం. వీడియోలో తెలుగు మనిషిని పట్టింది. నేను తెలుగు బడి నోట్‌బుక్ ఇస్తే పేజీ పేజీ తిప్పి, గుణింతాల్లో వాడు తారుమారు చేసినవన్నీ ఫోటోలు తీసుకుంది. 'సన్‌ఫ్లవర్'లోంచి 'సన్' తీసేస్తే ఏం మిగులుతుందని అడిగితే మా వాడు చాలాసేపు ఆలోచించి "చీకటి" అన్నాడట. ఆవిడ నవ్వుతూ చెప్పింది. రిపోర్టులో మాత్రం రెండు భాషల్లోనూ మాట బలంగా ఉంది, శబ్దాలను విడదీయడంలోనే ఇబ్బంది అని నిక్కచ్చిగా రాసింది. అత్తయ్య ఆగస్టులో చెప్పిందీ దాదాపు ఇదే.

ఆర్డ్ మీటింగ్‌లో ముందు 504 ప్లాన్‌తో, అంటే స్పెషల్ ఎడ్యుకేషన్ లేకుండా మామూలు క్లాసులోనే కొన్ని వెసులుబాట్లతో, సరిపెట్టబోయారు. డిస్లెక్సియాను స్పెషల్ ఎడ్యుకేషన్ కిందికి తెచ్చిన 2023 నాటి రాష్ట్ర చట్టం పేరెత్తగానే వెనక్కి తగ్గారు. రిపోర్టు ముందే తెప్పించుకుని చదవండి. ఒప్పుకోకపోతే 10 స్కూలు రోజుల వరకు విరామం అడగొచ్చు. ఆ అసిస్టెంట్ ప్రిన్సిపాల్ ఈసారి మామూలు వేగంతోనే మాట్లాడాడు.

అంతా అయిందనుకుంటుంటే నిన్న బ్యాగులో ఇంకో నోటీసు వచ్చింది. ఇంగ్లీష్ లెర్నర్లకు ఏటా పెట్టే టెల్పాస్ పరీక్ష దగ్గరపడిందట. వినడం, మాట్లాడటంలో మా వాడికి ఢోకా లేదు. చదవడం, రాయడంలో తప్పుతాడు కాబట్టి ఆ ముద్ర అలాగే ఉంటుంది. డిస్లెక్సియా ఉన్నవాడు చదవలేకపోతే అది ఇంగ్లీషు రాకపోవడం ఎలా అవుతుందని భాషా కమిటీకీ, ఆర్డ్ కమిటీకీ కలిపి మెయిల్ పెట్టాను. కౌన్సెలర్ నుంచి జవాబొచ్చింది: "కాల్ చేసి మాట్లాడుకుందామా?"