గుట్ట నుంచి వంక దాకా: వాటర్‌షెడ్ మ్యాపులతో నా అనుభవం

అనంతపురం జిల్లాలో వాటర్‌షెడ్ పని, అంటే ఒక వంకలోకి నీళ్లు దిగే నేలంతటా వాననీటినీ మట్టినీ ఆపే పని, చెక్‌డ్యామ్ ఎక్కడ కట్టాలనే గొడవతోనే మొదలవుతుంది. ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడే చోట ప్రతి రైతూ తన పొలం పక్కనే కట్టమంటాడు, అందులో తప్పేం లేదు. కానీ నీళ్లు గుట్ట మీద నుంచి దిగుతాయి కాబట్టి పనీ పైనుంచే రావాలి, ముందు వాలులో కందకాలు, రాతికట్టలు, ఆ తర్వాతే వంకలో చెక్‌డ్యామ్, లేదంటే కొట్టుకొచ్చే మట్టితో అది పూడిపోతుంది. ఊరి మీటింగులో ఇదంతా కంటికి కనిపించేలా చూపించాలని మ్యాపులు నేనే చేశాను. ఇదే పనిలో ఉన్నవాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నా.

డేటాకి డబ్బులేం కట్టక్కర్లేదు. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే కార్టోశాట్-1 ఉపగ్రహం నుంచి తయారైన ఎత్తుల డేటా ఉచితంగా వస్తుంది. అందులో నేలంతా చిన్న చిన్న గడులుగా ఉంటుంది, ఒక్కో గడికి ఒక ఎత్తు. దాన్ని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేసి, డేటాలో ఉండే ఉత్తుత్తి గుంటల్ని పూడ్చి, ఏ గడిలో నీళ్లు ఏ గడిలోకి దిగుతాయో లెక్క కట్టిస్తే వంకలన్నీ గీతలుగా తేలతాయి. ఊరి సర్వే నంబర్ల పటాన్ని దీనిమీద కూర్చోబెట్టడమే అన్నిటికన్నా ఓపిక కావాల్సిన పని. గుడి, పాత బావి, మూడు పొలాలు కలిసే గట్టురాయి, ఇలా పటంలోనూ నేలమీదా మారని చోట్లకి వెళ్లి జీపీఎస్ పాయింట్లు తీసుకుంటేనే కుదిరింది.

ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు. పొలం గట్లూ కల్వర్టులూ దానికి ఆనవు. అందుకే ఆ గీతల వెంట రైతులతో కలిసి నడిచాను. మ్యాపులో వంక నేరుగా దిగుతున్న ఒకచోట పెద్దాయన ఆగి, "రోడ్డేసినప్పట్నుంచి నీళ్లు ఇట్ల రావు నాయనా, ఆ కల్వర్టు కాడికే పోతాండాయి" అన్నాడు. వెళ్లి చూస్తే కల్వర్టు కింద కొత్తగా కోసుకుపోయిన గండి, అందులో చేనుమట్టి. గీత అక్కడే మార్చాను.

పచ్చదనం చూడటానికి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు వాడాను, 10 మీటర్ల వివరం ఉంటుంది, ఐదు రోజులకోసారి కొత్తది వస్తుంది. ఖరీఫ్‌లో మబ్బులు అడ్డం. జనవరి, ఫిబ్రవరిలో చూడండి, వానమీద వేసిన వేరుశనగ అప్పటికి పీకేసి ఉంటారు, ఇంకా పచ్చగా ఉన్నది చాలావరకు బోరు కింద పంటే. చాలావరకు అని ఎందుకన్నానంటే, వంక పొడవునా చక్కగా పచ్చగా కనిపించిన ఒక పట్టీ దగ్గరికి వెళ్తే అదంతా సర్కారు తుమ్మ.

నాకు బాగా నచ్చినది ఇంకోటి. చిత్రంలో వంకకి అడ్డంగా తిన్నటి గీతలా ఒక నల్లరాళ్ల వరస కనిపించింది, దాన్ని డోలరైట్ డైక్ అంటారు. భూమిలోపల అది గోడలా నీటికి అడ్డం నిలుస్తుంది. వేసవిలోనూ ఎండిపోని బోర్లు ఎవరివని అడిగి గుర్తులు పెడితే ఎక్కువ భాగం ఆ వరసకి ఎగువనే పడ్డాయి. ఆ మ్యాపు గోడకి అంటించాక నీళ్లు నేలలోకి ఇంకే ఊటకుంటని ఎగువన తవ్వడానికి దిగువ రైతులు కూడా ఒప్పుకున్నారు.

ఇప్పుడు పనులు నడుస్తున్నాయి. ఫలితం చూడాలంటే రెండేళ్ల చిత్రాలు పక్కపక్కన పెడితే చాలదు, వాన ఎక్కువైన ఏడు ఎలాగూ పచ్చగానే ఉంటుంది. అందుకే ఏ పనీ జరగని పక్క వంకని కూడా అదే నెలలో, అదే లెక్కతో చూస్తున్నాను.