లక్కపిడతలు దొరికాయి

వచ్చే నెల పాపకి మూడేళ్లు నిండుతాయి. ఏదైనా మంచి బొమ్మ కొందామని, మధ్యాహ్నం అది పడుకున్నాక ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పిల్లల్లో ఊహాశక్తి పెంచే బొమ్మలు అని వెతికితే వరసగా బ్యాటరీవే వచ్చాయి. మీట నొక్కితే ఎర్రగా వెలిగే పొయ్యి, దానంతటదే చుయ్‌మనే మూకుడు, నీళ్లు కారే కుళాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. కానీ అన్నీ బొమ్మే చేసేస్తే పిల్ల చేయడానికి ఏం మిగులుతుంది?

నిన్న పొద్దున మా పాప స్టీలు గిన్నెలో బట్టల క్లిప్పులు వేసి, గరిటెతో తిప్పుతూ తనే నోటితో 'చుయ్' అంది. నాకు పెట్టింది, గోడకి పెట్టింది. కాసేపటికి ఆ గిన్నె బోర్లించి నెత్తిన పెట్టుకుని పోలీసు అయిపోయింది. ఆ 'చుయ్' దాని నోట్లోంచే రావాలని నాకు ఎంతో ఉంది.

పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తయ్య, "లక్కపిడతలు దొరకవుటమ్మా ఆ ఫోన్లో?" అన్నారు. ఆవిడ పుట్టిల్లు యలమంచిలి దగ్గర, లక్క బొమ్మలకి పేరున్న ఏటికొప్పాకకి ఎంతో దూరం లేదు. ఆ ఊరి పేరుతో వెతికాను. లక్క పూసిన చిన్న వంటసామాను బొమ్మలు, పొయ్యి, బిందె, రోలు, తిరగలి అన్నీ ఉన్నాయి! అత్తయ్య కళ్లజోడు తెచ్చుకుని ఒక్కొక్కటీ పెద్దది చేయించుకుని చూశారు. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుందట. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుందట. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటి వాటితో చేసిన రంగులైతే నాకు ఇంకా ధైర్యం. ఇది ఇంకా ప్రతిదీ నోట్లో పెట్టుకునే పిల్ల కదా. అందుకే రంగులు ఏమిటో చెప్పమని అమ్మేవాళ్లకి మెసేజ్ పెట్టాను.

ఐఎస్ఐ గుర్తు కనపడక కాసేపు టెన్షన్ పడ్డాను. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకి అది తప్పనిసరి. అయితే నమోదైన హస్తకళాకారులు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కింద నమోదైనవాళ్ల సరుకుకి మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకి ఆ గుర్తింపు 2017లో వచ్చింది. గుర్తు లేదని భయపడక్కర్లేదు గానీ, చూసుకోవలసిన బాధ్యత మనమీద ఎక్కువ పడుతుంది. ముఖ్యంగా సైజు. ఫొటోలో బిందె అరచేతికి నిండుగా కనిపిస్తుంది, కింద చదివితే మూడు సెంటీమీటర్లు! స్కేలు తెచ్చి కాగితం మీద గీసి చూశాను. పాప నోట్లో తేలిగ్గా పట్టేస్తుంది. అది వద్దనుకుని, పెద్ద ముక్కలున్న సెట్టు ఎంచుకున్నాను. అందులో కూడా చిన్న గరిటెలు ఉంటే కొన్నాళ్లు బీరువాలోనే ఉంటాయి.

కొండపల్లి ఎడ్లబండి కూడా చాలాసేపు చూశాను. ఎంత అందంగా ఉందో! కానీ దాన్ని చేసే తెల్లపొణికి అనేది తేలిక కర్ర, ఎద్దుల కొమ్ములు, కాళ్లు సన్నం. పాప చేతిలో పడితే ఒక్కపూట నిలవదు. దాన్ని బొమ్మల కొలువుకి కొంటాను.

సాయంత్రానికి జవాబు వచ్చింది, సహజ రంగులేనట. వెంటనే ఆర్డర్ పెట్టేశాను. డల్లాస్ నుంచి తమ్ముడు మేనకోడలికి ఏం పంపాలని నిన్నటి నుంచి అడుగుతున్నాడు. మాట్లాడే బొమ్మలు, పాటలు పాడేవి వద్దురా, రంగు వేయని పెద్ద చెక్క దిమ్మలు పంపించు, ఇల్లు కడుతుందో రైలు నడుపుతుందో దాని ఇష్టం అని రాశాను. వాడు అప్పుడే మూడు లింకులు పంపాడు. ఒకదానికి చక్రాలున్నాయి, ఒకటి మరీ చిన్నది. మూడోది బాగుంది, అదే తీసుకోమన్నాను.