ఒలీవ మొక్కలకు అన్నం పెట్టే వేళ

డిసెంబరు 31 రాత్రి చర్చి ఆరాధనలో, కొత్త ఏడాదికని తీసుకున్న బైబిల్ వాగ్దానం కార్డులో 128వ కీర్తన వచ్చిందంటే మనవాళ్ళ సంతోషం చెప్పనక్కర్లేదు. ఫ్రేము కట్టించి హాల్లో టీవీకి పైన తగిలిస్తారు. పెళ్ళి శుభలేఖ మీదా అదే, గృహప్రవేశం కార్డు మీదా అదే. మూడో వచనం అందరికీ నోటికొచ్చు: "నీ లోగిట నీ భార్య ఫలించు ద్రాక్షావల్లివలె నుండును, నీ భోజనపు బల్లచుట్టు నీ పిల్లలు ఒలీవ మొక్కలవలె నుందురు."

ఆ ఫ్రేము కిందే కూర్చుని నలుగురూ నాలుగు ఫోన్లు చూసుకుంటూ తింటారు. పిల్లాడి నోట్లో ముద్ద పెట్టాలంటే వాడి ముందు బొమ్మల వీడియో ఆడుతూ ఉండాలి. నాకు చిరాకు పుట్టేది ఇక్కడే. తీరా ఉపవాస ప్రార్థనకు వెళ్ళి, "ప్రభువా, నా పిల్లల విషయంలో నీ వాగ్దానం ఎప్పుడు నెరవేరుస్తావు?" అని ఏడుస్తాం. నెరవేరడం అంటే మన లెక్కలో ఏమిటో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాల సమయంలో వింటే తెలుస్తుంది. సీటు వచ్చింది, ర్యాంకు వచ్చింది, వీసా వచ్చింది. అవీ దేవుడిచ్చినవే, కాదనను. కానీ "మా పాప ఈ వారమంతా మాతో కూర్చుని పప్పన్నం తింటూ కబుర్లు చెప్పింది, దేవునికి స్తోత్రం" అని లేచి నిలబడి చెప్పినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు.

కీర్తనకారుడు కావాలంటే విరగకాసిన చెట్లని రాసి ఉండేవాడు. భార్యను ఫలించే ద్రాక్షావల్లి అన్నాడు కదా! పిల్లల దగ్గరికి వచ్చేసరికి మొక్కలన్నాడు. ఒలీవ గురించి అతనికి తెలియక కాదు. ఆ మొక్క ఒకటి రెండేళ్ళలో కాపుకు రాదు. నాలుగైదేళ్ళు మామూలు, పాతకాలపు సేద్యంలో ఇంకా ఎక్కువే. నిండు కాపు చూడాలంటే మరెన్నో ఏళ్ళు ఆగాలి. కాపుకొచ్చాక కూడా ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గిపోతుంది. అలాంటి మొక్కను పట్టుకుని మనం యూకేజీలోనే కాయలు లెక్కపెడుతున్నాం. సండే స్కూల్ వార్షికోత్సవంలో కంఠత వాక్యం మధ్యలో మర్చిపోయిందని స్టేజీ కిందినుంచి బిడ్డకు కళ్ళెర్ర చేసే తల్లిదండ్రుల్ని చూస్తే, ఈ వచనం వాళ్ళ ఇంట్లో గోడ దిగి రాలేదనిపిస్తుంది.

నాకు ఇష్టమైన సంగతి ఇంకొకటుంది. ముసలి ఒలీవ చెట్టు మొదలు చుట్టూ, మన అరటి పిలకల్లాగా, కొత్త మొలకలు లేస్తాయి. మాను నరికేసినా వేరు బతికుంటే మళ్ళీ చిగురిస్తుంది. వందల ఏళ్ళు బతికే చెట్టది. బల్ల చుట్టూ ఒలీవ మొక్కలు అనగానే నా కళ్ళకు కట్టేది ఆ దృశ్యమే. పిలక తాగేది మొదలు తాగిన నీళ్ళే. దానికి వేరే ట్యూషన్ లేదు.

2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజులు గుర్తున్నాయా? రామమూర్తినగర్‌లో మా వీధికి ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. హారన్ వినబడగానే మా ఆయన "స్తోత్రం ప్రభువా" అంటూ బకెట్లు అందుకునేవారు. మావాడికి అప్పుడే మాటలొస్తున్నాయి. వాడికి స్తోత్రమంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. కానీ ఈ రోజుకీ వీధిలో ఏ లారీ హారన్ కొట్టినా, నోట్లో ఇడ్లీ ఉన్నా సరే, "తోత్రం!" అని ఒక్క కేక పెడతాడు. చెత్త లారీకి కూడా. నవ్వు ఆపుకోలేం. నేను కూర్చోబెట్టి నేర్పిన కంఠత వాక్యాలు వాడు ఎప్పటికప్పుడు మర్చిపోతాడు, ఇది మాత్రం మర్చిపోలేదు. "నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును" దేవుని మాటల గురించి పిల్లలతో మాట్లాడమని ద్వితీయోపదేశకాండంలో మోషే చెప్పింది ఇదే కదా. అందులో స్టేజీ మాట ఎక్కడా లేదు.

కుటుంబ ప్రార్థన సంగతి కూడా చెప్పాలి. కొన్ని ఇళ్ళలో అది పిల్లలకు శిక్ష. రాత్రి తొమ్మిదిన్నరకు, కళ్ళు మూతలు పడుతున్న బిడ్డల్ని వరసగా కూర్చోబెట్టి, దినవృత్తాంతాల్లోని వంశావళులు రెండు అధ్యాయాలు చదివి, లోకంలోని సువార్తికులందరి కోసం అరగంట ప్రార్థన. ఈలోగా చిన్నోడు తూలితే ఒక మొట్టికాయ! అది భక్తి అని నేననుకోను. ఇక్కడి బడుల్లో మన పిల్లలకు ఇంగ్లీషు, కన్నడ, హిందీ ఉంటాయి. మా వీధి తెలుగు పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్ళు తక్కువే. తెలుగు బైబిల్ వాళ్ళకు కళ్ళతో అందదు, చెవులతోనే అందాలి. అందుకే అన్నాల దగ్గరే చదవండి. నాలుగు వచనాలు చాలు. గ్రాంథికం అర్థం కాదని బెంగ పడకండి. మా పాప "నుందురు" అనే మాట పట్టుకుని "అన్నము తినుచుందురు, తమ్ముడు గిల్లుచుండును" అని మూడు రోజులు పాడింది.

ప్రార్థన కూడా వాళ్ళనే చెయ్యనివ్వండి, దిద్దకండి. మొన్న జోరు వానలో కూరగాయలు తెచ్చిచ్చిన డెలివరీ అబ్బాయిని తలుచుకుని మా పాప, "యేసయ్యా, ఆ అంకుల్ బండి జారకుండా చూడు, ఆయన సాక్సులు ఆరబెట్టు" అంది. అత్తయ్యకు నవ్వొచ్చింది, కానీ ఆమెన్ గట్టిగా చెప్పారు. పెద్దవాళ్ళం మనలో ఎంతమందికి ఆ సాక్సులు గుర్తొచ్చాయి?

తల్లులకు ఒక మాట. సాయంత్రమంతా అన్నం కలిపి పెట్టడంతోనే సరిపోతోంది, ప్రార్థనకు టైమే లేదని నొచ్చుకుంటారు చాలామంది. మార్కు సువార్త 5వ అధ్యాయం చివర చూడండి. సమాజమందిరపు అధికారి యాయీరు కూతురికి 12 ఏళ్ళు. చనిపోయిన పిల్ల లేచి నడుస్తోంది, తల్లిదండ్రులూ వెంట ఉన్న శిష్యులూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అప్పుడు ప్రభువు "ఆమెకు ఆహారము పెట్టుడి" అన్నాడు. అంత అద్భుతం చేసి, ఆ వెంటనే పిల్ల ఆకలి గురించి ఆలోచించాడాయన. మీరు గిన్నె పట్టుకుని బాల్కనీ అంతా తిరిగి తినిపించే ఆ నాలుగు ముద్దలు ఆయన చెప్పిన పనే. టెన్షన్ పడకండి.

ఇక ఆదివారం. ఇక్కడ చాలా తెలుగు సంఘాలకు అద్దె హాలే దిక్కు, సమయం కొలిచినట్టుంటుంది. నిజమే. అయినా వెనక వరసలో ఒక పసిబిడ్డ ఏడిస్తే, ముందు వరసలోని తలలన్నీ ఒకేసారి తిరిగి ఆ తల్లిని చూడాలా? శిష్యులు పిల్లల్ని తెచ్చినవాళ్ళను గద్దించినప్పుడు "యేసు అది చూచి కోపపడి" అని రాసుంది. కోపం పిల్లల మీద కాదు, శిష్యుల మీద. తర్వాత ఆ బిడ్డల్ని ఎత్తి కౌగిలించుకున్నాడు.

ఒలీవ మొక్కల వచనం విన్నప్పుడల్లా తల దించుకునే, పిల్లలు లేని దంపతులు చాలా సంఘాల్లో ఉంటారు. ఏటా వాళ్ళ చేతిలో ఈ కార్డు పెట్టి "వచ్చే ఏడాదికి సాక్ష్యం చెప్పాలి" అనకండి, దయచేసి. వాళ్ళకు కావలసింది మీ జోస్యం కాదు, మీ బల్ల దగ్గర కాస్త చోటు. ఒలీవ పండ్లు ఏరాక చెట్టు మీద మిగిలిన పరిగె పరదేశికి, తండ్రి లేనివారికి, విధవరాలికి వదలమని ధర్మశాస్త్రం చెప్తోంది. మారతహళ్ళిలో, కె.ఆర్.పురంలో వీధికో పీజీ. ఒంగోలు నుంచో కర్నూలు నుంచో వచ్చి, ఆదివారం మధ్యాహ్నం చల్లారిన సాంబారన్నం తినే మన పిల్లలు వాటిలో ఎంతమంది ఉన్నారో!

ఈ ఆదివారం ఒక్కరినైనా ఇంటికి పిలవండి. కూర చాలకపోతే గుడ్లు వేయించండి. మీ పిల్లల్ని వాళ్ళకు చెరోపక్కా కూర్చోబెట్టండి, ఫోన్లు తీసి ఫ్రిజ్ మీద పెట్టండి. భోజనానికి ముందు ప్రార్థన అందరికన్నా చిన్నవాళ్ళు చేస్తారు. సాక్సుల గురించైనా, తోత్రమైనా, ఆమెన్ మాత్రం మీరు గట్టిగా చెప్పండి.