లేపకుండా తీసిన ఫ్లెమింగోలు

పులికాట్ సరస్సులో ఫ్లెమింగోల ఫొటో అనగానే చాలామందికి కావాల్సింది ఒకటే, గుంపు మొత్తం ఒక్కసారిగా గాల్లోకి లేచి ఎర్రటి రెక్కలు విప్పిన షాట్. నాకేమో అవి తల నీళ్లలో పెట్టుకుని వాటి మానాన అవి మేస్తున్న ఫొటోలు కావాలి. మొన్న జనవరిలో ఆ సరస్సులోని ఇరకం దీవికి పడవెక్కింది అందుకే.

చెన్నైలో ఉండేవాళ్లకి ఇదేం పెద్ద ప్రయాణం కాదు. తెల్లవారుజామున సెంట్రల్‌కి వెళ్లి సూళ్లూరుపేట లోకల్ ఎక్కి తడలో దిగితే చాలు, ఆటోలో భీములవారిపాలెం రేవుకి చేరుకోవచ్చు, అక్కడ పడవలుంటాయి. నేనూ మా బావా కెమెరాలకి ప్లాస్టిక్ కవర్లు చుట్టి ఎక్కాం, ఎందుకంటే అది ఉప్పునీళ్లు, లెన్స్ మీద పడిన తుంపర ఆరితే తెల్లగా మచ్చ కడుతుంది.

ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే, అయినా చాలాచోట్ల నడుం లోతు కూడా ఉండదు. దీవికి కొంచెం ఇవతల పడవ బురదలో కూరుకుపోయింది. అందరం దిగి నెట్టాం. మోకాళ్ల దాకా దిగబడే నల్లటి బురద, అడుగున గుల్లలు అరికాళ్లకి గుచ్చుకుంటుంటే, మెడలో అంత ఖరీదైన లెన్స్ వేలాడుతుంటే ఎంత టెన్షనో! కానీ ఫ్లెమింగోలు ఇక్కడికి వచ్చేది ఈ లోతులేని నీళ్ల కోసమే, ఆ పొడుగు కాళ్లతో ఎంత దూరమైనా నడుస్తూనే మేసేస్తాయి.

గుంపు కనపడగానే పడవాయన తెడ్డు ఎత్తి, "లేపమంటారా సార్?" అన్నాడు. వచ్చినవాళ్లంతా అదే అడుగుతారట. "వద్దన్నా, ఇంజన్ కూడా ఆపెయ్" అన్నాను. ఫ్లెమింగో ఉన్నచోటు నుంచి టక్కున ఎగరలేదు, నీళ్ల మీద కొంత దూరం పరిగెత్తి గానీ లేవలేదు. అలా మాటిమాటికీ లేపితే తిండి టైమూ పోతుంది, ఒంట్లో ఓపికా పోతుంది. మన ఒక్క ఫొటో కోసం అంత కష్టం పెట్టడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

ఇంజన్ ఆపి కదలకుండా కూర్చున్నాం. చాలాసేపు ఏమీ లేదు, తర్వాత మేస్తూ మేస్తూ అవే ఇటువైపు వచ్చాయి. లెన్స్‌లో చూస్తే ఎంత బాగుందంటే, తల పూర్తిగా తిరగేసి వంకర ముక్కు నీళ్లలో ముంచి, కాళ్లతో బురదని తొక్కి కలుపుతూ, నాలుకతో నీళ్లు లోపలికి లాగి బయటికి తోసేస్తుంటాయి, ముక్కు అంచుల్లో ఉన్న జల్లెడలాంటి పొరలో సన్నటి పురుగులు, నాచు మిగిలిపోతాయి. వాటికి ఆ గులాబీ రంగు వచ్చేది కూడా ఆ తిండి నుంచే. మధ్యలో బూడిద రంగువి కొన్ని ఉన్నాయి, అవి పిల్లలు, రంగెక్కడానికి రెండు మూడేళ్లు పడుతుంది. మన దేశంలో ఇవి గూళ్లు కట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. ఒక పిల్ల పక్కనున్న పెద్దదాన్ని చూసి కాళ్లు తొక్కుతోంది, నాకు అన్నిటికంటే నచ్చిన ఫొటో అదే.

పడవలో ట్రైపాడ్ పనికిరాదు, పడవ ఊగితే అదీ ఊగుతుంది. మోచేతులు ఒళ్లో ఆనించి, ఊగినా ఫొటో చెదరకుండా షట్టర్ వేగం 1/1600 సెకనుకి తగ్గకుండా పెట్టుకున్నాను. ఎండ తగిలితే తెల్లటి ఈకల్లో వివరం పోతుంది కాబట్టి ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి తీసుకునే వెలుగు, కాస్త తగ్గించాలి. పొద్దెక్కాక మాత్రం ఎంత మంచి లెన్స్ అయినా లాభం లేదు, నీళ్ల మీద వేడిగాలి లేచి దూరంగా ఉన్న పక్షులన్నీ అలుక్కుపోయినట్టు వస్తాయి. పైగా మధ్యాహ్నానికి గాలి పెరిగి పడవ బాగా ఊగింది, తిరిగొచ్చేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

టైముంటే సూళ్లూరుపేట దాటి నేలపట్టు పక్షుల కేంద్రానికి కూడా వెళ్లండి. చలికాలంలో అక్కడ చెరువులో సగం మునిగిన కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి, పడవ అక్కర్లేకుండా గట్టు మీద నుంచే తీసుకోవచ్చు.